తిండి మార్చుకుంటున్నాను: ఈ మాట ఇంట్లో ఎలా చెప్పాలి?

డాక్టరు గారు "కొంచెం బరువు తగ్గాలమ్మా" అని చెప్పినప్పుడు దాదాపు అందరూ తల ఊపుతారు. మేము ఇచ్చే ఆహారపు చీటీని జాగ్రత్తగా మడిచి ఫైలులో పెట్టుకుంటారు. మూడు నెలల తరువాత ఓ.పి.కి వచ్చినప్పుడు చాలామంది చీటీ ఆ మడత కూడా విప్పకుండా అలాగే ఉంటుంది. ఎందుకని అడిగితే మాకు తరచుగా వచ్చే జవాబులు ఇవి: "ఇంట్లో చెప్పలేకపోయానండి." "నా ఒక్కదాని కోసం వేరే వంట ఎలా చేయమంటాను?" "అన్నీ పెళ్ళిళ్ళే సిస్టర్, కాదంటే ఏమనుకుంటారో."

మన ఇళ్ళలో సరుకులు తెచ్చేది ఒకరు, వండేది ఒకరు, వడ్డించేది ఒకరు. కాబట్టి ఒక మనిషి తిండి మారాలంటే ఇంటిలో నలుగురితో మాట్లాడక తప్పదు. ఏమి తినాలో చీటీలో ఉంది. ఆ సంగతి ఎవరితో ఎలా చెప్పాలో ఈ సంచికలో వివరిస్తాము.

ఇది అంత ముఖ్యమా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో అధిక బరువు ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 36 శాతం, తెలంగాణలో సుమారు 30 శాతం. అంటే ముగ్గురిలో ఒకరు. పురుషుల సంఖ్య కూడా దీనికి దగ్గరలోనే ఉంది. షుగరు, బీ.పీ., మోకాళ్ళ నొప్పులు, గుండె జబ్బు, లివరులో కొవ్వు, వీటన్నిటికీ అధిక బరువుతో సంబంధం ఉన్నది.

మీ బరువు ఎక్కువా కాదా అని తెలుసుకోవడానికి ఒక లెక్క ఉంది. బరువును కిలోలలో తీసుకుని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు భాగించాలి. ఉదాహరణకు 70 కిలోల బరువు, 155 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న తల్లికి ఈ అంకె సుమారు 29 వస్తుంది. మన దేశంవారికి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని 2009లో మన దేశపు వైద్య నిపుణులు నిర్ణయించారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ఇక్కడ ఒక మంచి వార్త ఉన్నది. ఈ తల్లి 70 నుండి 55కి దిగితే తప్ప ప్రయోజనం లేదని అనుకోనక్కరలేదు. 2002లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, షుగరు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవారు తిండి మార్చుకుని, వారానికి 150 నిమిషాలు నడిచి, బరువులో 7 శాతం తగ్గించుకోవాలని ప్రయత్నించారు. వారిలో షుగరు వచ్చినవారు, ఏ మార్పూ మందూ లేనివారితో పోలిస్తే, 58 శాతం తక్కువ. 70 కిలోలలో 7 శాతం అంటే 5 కిలోలు కూడా నిండవు. నెలకు రెండు కిలోల చొప్పున తగ్గినా మూడు నెలల పని.

ముందు మీతో మీరు

"లావు తగ్గాలి" అనేది కోరిక మాత్రమే. ఇంట్లోవారికి చెప్పే ముందు రెండు విషయాలు తేల్చుకోండి.

మొదటిది, ఎందుకు? "డాక్టరు గారు చెప్పారు కనుక" అంటే నాలుగు రోజులు నిలుస్తుంది. "మోకాలు నొప్పి లేకుండా మెట్లు ఎక్కాలి", "మా అమ్మకు వచ్చినట్లు నాకు షుగరు రాకూడదు" అంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ కారణం మీ నోటి నుండే రావాలి.

రెండవది, ఏమి మారుస్తారు? ఒకటి లేక రెండు మార్పులు చాలు. అవి చేతితో కొలవగలిగేవిగా ఉండాలి. "తక్కువ తింటాను" అనకండి. "రాత్రి అన్నం మూడు గరిటెల బదులు ఒకటిన్నర, ఆ ఖాళీలో కూర" అనండి. "తీపి తగ్గిస్తాను" అనకండి. "టీలో రెండు చెంచాల పంచదార బదులు అర చెంచా" అనండి. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు టీస్పూన్లు చొప్పున తాగేవారు టీలోనే సుమారు 40 గ్రాముల పంచదార తీసుకుంటున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజు మొత్తం మీద 25 గ్రాములు మించకూడదు.

వంట చేసేవారితో

ఇంట్లో వంట చేసేవారికి "ఇకనుంచి నాకు ఇలా వండకు" అనే మాట తన వంటను తప్పు పట్టినట్లు వినిపిస్తుంది. ఇన్నేళ్ళు ప్రేమతో పెట్టిన చేయి అది. కనుక ముందు ఆ చేతిని గౌరవించి, తరువాత సహాయం అడగాలి.

భర్త భార్యతో "నూనె పోసి పోసి నన్ను ఇట్లా చేశావు" అంటే ఆ రోజుకు ఇద్దరికీ అన్నం సహించదు. "డాక్టరు గారు నూనె తగ్గించమన్నారు. నాకు వేరే వండవద్దు, నీకు పని పెరుగుతుంది. అందరికీ కలిపే కొంచెం తగ్గిద్దామా? కూరగాయలు నేను తెచ్చి కోసి పెడతాను" అని చెప్పి చూడండి. ఇందులో నింద లేదు, పని పంచుకోవడం ఉన్నది.

కోడలు అత్తగారితో ఈ సంగతి మాట్లాడడం ఇంకా కష్టం. వడ్డించేటప్పుడు విస్తరి ముందు చెప్పకుండా, తీరికగా ఉన్న వేళ చెప్పడం మంచిది. "అత్తయ్యా, నాకు షుగరు వచ్చే అవకాశం ఉందని రిపోర్టులో వచ్చింది. మీ చేతి పప్పు, కూర ఎక్కువ తింటాను, అన్నం మాత్రం నేనే పెట్టుకుంటాను. తక్కువ పెట్టుకుంటే ఏమీ అనుకోకండి." అలా చెప్పడానికి కూడా ధైర్యం చాలకపోతే, ఒకరోజు అత్తగారిని వెంటబెట్టుకుని ఓ.పి.కి రండి. మేము ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడుతాము. చాలా ఇళ్ళలో అత్తగారికే ముందు నుండి షుగరు ఉంటుంది. అప్పుడు మార్పు ఇద్దరిదీ అవుతుంది.

ఇంట్లో అందరూ ఒప్పుకోగలిగే లెక్కలు కొన్ని చెప్తాము.

1. నూనె: ఒక టీస్పూను నూనెలో సుమారు 45 కేలరీలు ఉంటాయి. మనిషికి నెలకు అర లీటరు అనుకుని, నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు విడిగా తీసి పెట్టండి. నెల మొత్తం అందులోనే సరిపెట్టుకోవాలి. రోజూ "తక్కువ పోయి" అని చెప్పే గొడవ ఉండదు.

2. కంచం: సగం కూరలు, ఆకుకూరలు. పావు వంతు అన్నం లేక రొట్టె. మిగిలిన పావు వంతు పప్పు, గుడ్డు, చేప లేక చికెను.

3. వరస: ముందు కూర, పప్పు పెట్టుకుని తరువాత అన్నం పెట్టుకోండి. అన్నం కొండలా పోసుకుని దానికి తగినంత కూర కలుపుకోవడం మన అలవాటు. దీనిని తిరగవేయాలి.

అన్నం పూర్తిగా మానమని మేము చెప్పము. జొన్న, రాగి మంచివే. కాని రాగి సంకటి ముద్దలు నాలుగు తిని "నేను అన్నం మానేశాను" అంటే బరువు తగ్గదు. ధాన్యం పేరు మారినంత మాత్రాన కొలత మారదు కదా.

బలవంతం చేసేవారితో

"ఇంకొంచెం వేసుకో" అనడం మన మర్యాద. వద్దనడం అమర్యాద అని మన భయం. పెళ్ళిలో, పుట్టినరోజులో, ప్రేమవిందులో, క్రిస్మస్‌కు ఇంటింటికీ వెళ్ళినప్పుడు అరిసెలు, కజ్జికాయలు, కేకు, బిర్యానీ. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్కటే తిన్నా సాయంత్రానికి రెండు రోజుల తిండి అవుతుంది.

ఇటువంటి చోట్ల పొడుగు వివరణ ఇవ్వకండి. "నేను డైటింగులో ఉన్నాను" అంటే వెంటనే చర్చ మొదలవుతుంది. "ఈ ఒక్కరోజుకు ఏమవుతుంది?", "నీకేం లావు?", "మా పిన్ని ఏమీ మానకుండానే తగ్గింది." చిన్న మాట, నవ్వు ముఖం చాలు.

"వదినా, చాలా బాగుంది. కడుపు నిండిపోయింది."
"ఒక్కటి తిన్నాను బాబాయ్, అది చాలు. ఒక గ్లాసు మంచినీళ్ళు ఇప్పించండి."
"పొట్లం కట్టి ఇవ్వండి అక్కా, పిల్లలకు పెడతాను."

రెండవసారి అడిగితే అదే మాట అంతే మెల్లగా చెప్పండి. కొత్త కారణాలు వెదకవద్దు. "కడుపునొప్పి", "ఉపవాసం" అని అబద్ధం చెప్పనక్కరలేదు. అబద్ధం చెప్తే వచ్చేసారి మరొకటి చెప్పాలి.

వడ్డించేవారికి మా మనవి ఒకటి. ఒకసారి అడగండి, మర్యాదకు రెండవసారి కూడా అడగండి. మూడవసారి అడగకండి. చేయి అడ్డుపెట్టిన కంచంలో గరిటె దించకండి. ప్రేమవిందులు ఏర్పాటు చేసే సంఘపెద్దలు బిర్యానీతోపాటు ఒక కూరగాయల వంటకం, పెరుగు, పండ్ల ముక్కలు పెట్టిస్తే, షుగరు ఉన్నవారు ఎవరికీ చెప్పుకోకుండానే తమకు కావలసినది వేసుకుంటారు.

ప్రయత్నించేవారితో ఇంట్లోవారు ఎలా మాట్లాడాలి?

ఇది మేము అన్నిటికంటే ముఖ్యంగా చెప్పదలచిన భాగము. "బండదానా", "గున్న ఏనుగు", "తలుపు పట్టదు" అని సరదాకు అంటున్నామని అనుకుంటారు. కాని ఎగతాళి వలన బరువు తగ్గదు. బాధ కలిగినప్పుడు దొంగచాటుగా తినేవారు, నలుగురిలో నడవడానికి సిగ్గుపడి ఇంట్లోనే ఉండిపోయేవారు ఎందరో ఉన్నారు. కొందరు తూకం యంత్రం ఎక్కవలసి వస్తుందని ఆస్పత్రికి రావడమే మానుకుంటారు. వారి బీ.పీ., షుగరు ఎవరూ చూడక ముదిరిపోతాయి.

పెళ్ళి కావలసిన ఆడపిల్లతో "ఇలా ఉంటే ఎవరు చేసుకుంటారు?" అనే మాట మరీ లోతుగా తగులుతుంది. పూర్తిగా తిండి మానివేసి రక్తం తగ్గి, నెలసరి తప్పి వచ్చే పిల్లలు ఉన్నారు. తిని వెంటనే వాంతి చేసుకునే పిల్లలు కూడా ఉంటారు. ఇది జబ్బే. కోప్పడకుండా డాక్టరు గారి వద్దకు తీసుకురండి.

కాపలా కాయడం కూడా సహాయం కాదు. "నువ్వు అది తినొచ్చా?" అని అందరి ముందు అడిగితే ఆయన మీ ముందు తినడం మానతారు, బజారులో పునుగులు తిని ఇంటికి వస్తారు. అటువంటి మాటల బదులు ఇలా అనవచ్చు.

"మళ్ళీ తింటున్నావా?" అనకండి. "నేను ఏమి చేస్తే నీకు తేలికగా ఉంటుంది?" అని అడగండి.

"ఇంకా ఏమీ తగ్గలేదే!" అనకండి. "నెల రోజులుగా టీలో పంచదార తగ్గించి తాగుతున్నావు, గట్టిగానే నిలబడ్డావు" అని చేసిన పనిని మెచ్చుకోండి. తూకం అంకె మనిషి చేతిలో లేదు, పని మాత్రం చేతిలో ఉన్నది.

"నీకు మనోబలం లేదు" అనకండి. "ఈ వారం కష్టమైంది కదా, పద, ఇద్దరం కాసేపు నడుద్దాం" అనండి.

ఇంకొక సంగతి. బరువు నిజంగా తగ్గడం మొదలైన తరువాత ఊరిలో మరొక మాట మొదలవుతుంది. "చిక్కిపోయావేమిటి? ఏమైనా జబ్బా?" అంటారు. లావు అంటే కలిగిన ఇల్లు, సన్నం అంటే జబ్బు అని మన పెద్దల కాలం నుండి ఉన్న తలంపు. ఈ మాటకు భయపడి మళ్ళీ పాత తిండికి వెళ్ళేవారు ఉన్నారు. "డాక్టరు గారి సలహా మీదనే తగ్గుతున్నాను పెద్దమ్మా, ఇప్పుడు బీ.పీ. బాగుంది" అని చెప్పి ఊరుకోండి.

అయితే ఎవరైనా ఏ ప్రయత్నమూ లేకుండానే బరువు తగ్గుతుంటే అది వేరు. దానిని మెచ్చుకోవద్దు, పరీక్ష చేయించండి. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఆకలి లేకపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా రావాలి. క్షయ, షుగరు, థైరాయిడు ఎక్కువగా పనిచేయడం, క్యాన్సరు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు.

పిల్లలతో

పిల్లవాడు లావుగా ఉంటే వానిని ఒక్కనినే కూర్చోబెట్టి తిండి తగ్గించవద్దు. వారు ఎదిగే వయసులో ఉన్నారు. చాలామందికి బరువు పెరగకుండా ఆపితే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ సరిపోతుంది. "నువ్వు లావు కనుక నీకు లేదు, చెల్లికి మాత్రమే" అని ఎన్నడూ అనకండి. చిప్స్, కూల్‌డ్రింకు ఇంట్లోకి ఎవరికోసమూ తేవద్దు. "మనందరం సాయంత్రం శనగలు, జామకాయ తిందాము" అంటే అది ఇంటి పద్ధతి అవుతుంది, శిక్ష కాదు. బంధువులు ముద్దుపేర్లు పెడితే పిల్లవాని ఎదుటనే "వాడిని పేరుతో పిలవండి" అని మీరు చెప్పాలి.

డాక్టరు గారితో, సిస్టర్లతో

తిట్టుతారేమో అని తిన్నది దాచవద్దు. వచ్చే ముందు మూడు రోజులు తిన్నది, తాగినది ఒక కాగితం మీద వ్రాసి తెండి. టీ, బజ్జీ, మిగిలిపోయిందని పిల్లల కంచంలోనిది తిన్నది కూడా వ్రాయండి. వ్రాయడం రాకపోతే పిల్లల చేత వ్రాయించండి. తూకం అందరి ముందు వద్దనుకుంటే చెప్పండి, తెర వెనుక చూస్తాము. బరువు పైకి చదవవద్దంటే చదవము.

కొన్ని విషయాలు తిండి తగ్గించక ముందే చెప్పాలి. ఇవి ప్రాణానికి సంబంధించినవి.

1. షుగరుకు ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే, పూట మానితే షుగరు పడిపోవచ్చు. మందు మోతాదు మార్చవలసి ఉంటుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్ళు తిరగడం, తికమక కనిపిస్తే వెంటనే మూడు టీస్పూన్ల పంచదార లేక గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించాలి. 15 నిమిషాలలో తేరుకోకపోతే మళ్ళీ ఇచ్చి ఆస్పత్రికి తేవాలి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయవద్దు, వెంటనే తీసుకురండి.

2. శ్రమకాలంలో 40 రోజులు ఉపవాసం ఉండాలనుకునే షుగరు రోగులు, బీ.పీ. మందులు వాడేవారు మొదలుపెట్టక ముందే వచ్చి కలవాలి.

3. గర్భిణులు బరువు తగ్గే ప్రయత్నం చేయకూడదు. బాలింతలు పాలిచ్చే రోజులలో కడుపు మాడ్చుకోకూడదు. అలాగని గిన్నెడు నెయ్యి అన్నం కూడా అవసరం లేదు.

4. బరువు తగ్గే పొడులు, కషాయాలు, "నెలలో 10 కిలోలు" అనే ప్రకటనలు చూసి కొన్నవి ఏవైనా వాడుతుంటే ఆ డబ్బా వెంట తెండి. 2025 నుండి బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు కొన్ని మన దేశంలో దొరుకుతున్నాయి. అవి కొందరికి ఉపయోగపడతాయి, కొందరికి పడవు. పక్కింటివారు వాడారని కొనవద్దు, డాక్టరు గారు పరీక్షించి వ్రాస్తేనే వాడాలి.

థైరాయిడు తక్కువగా పనిచేయడం వలన, కొన్ని స్టెరాయిడు మందుల వలన కూడా బరువు పెరుగుతుంది. కనుక "నేను తినేది కొంచెమే సిస్టర్" అన్నవారిని మేము అనుమానించము. కారణం వెదకుతాము.

దారి తప్పినప్పుడు

పండుగ వారం గడిచింది, కిలోన్నర పెరిగింది. అప్పుడు చాలామంది "నా వల్ల కాదు" అని చీటీ పారేస్తారు. ఆ మాట బదులు "ఏ రోజు, ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు తప్పింది?" అని అడుగుకోండి. పెళ్ళి భోజనమా? రాత్రి టీ.వీ. ముందా? కొడుకుతో మాటపట్టింపు వచ్చిన రోజా? కారణం తెలిస్తే ఆ ఒక్కచోట ఏమి చేయాలో ఆలోచించవచ్చు. తరువాతి భోజనం నుండే మళ్ళీ మొదలుపెట్టవచ్చు, సోమవారం వరకు ఆగనక్కరలేదు.

ఈ వారం చేయవలసినది ఒక్కటే. ఒక మార్పు ఎంచుకోండి. ఇంట్లో ఒక మనిషిని ఎంచుకోండి. వంట పని లేని వేళ చూసి, నింద లేకుండా, ఆ మార్పు పేరు చెప్పి సహాయం అడగండి. వచ్చేసారి ఓ.పి.కి వచ్చినప్పుడు ఆ మనిషిని కూడా వెంట తీసుకురండి. ఆహారపు చీటీని ఫైలులో ఉంచవద్దు, వంటింటి గోడకు అంటించండి.